టిక్కెట్టులో అయిదున్నర గంటలు, ప్రయాణం పది గంటలు

"డాక్టరుగారూ! మా అబ్బాయి దగ్గరకు లండన్ వెళుతున్నాం. పొద్దున ఎనిమిదింటికి హైదరాబాదులో విమానం ఎక్కితే మధ్యాహ్నం ఒకటిన్నరకు దిగుతామట. అయిదున్నర గంటలే కదా! మావారి ఇన్సులిన్ పెట్టెలో సర్దేసి, అక్కడ దిగాక ఇస్తే సరిపోదా?" అని రాజమండ్రి నుంచి ఒక సోదరి రాశారు.

సరిపోదమ్మా. టిక్కెట్టులో వేసే టైము ఏ ఊరిది ఆ ఊరిదే. లండన్ గడియారం వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 7,700 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికే దాదాపు పది గంటలు పడుతుంది. ఇంట్లో బయలుదేరింది మొదలు అబ్బాయి గుమ్మం తొక్కేదాకా లెక్క వేసుకోండి, ఒక పగలు గడిచిపోతుంది.

మీవారు ఏ రకం ఇన్సులిన్, రోజుకు ఎన్నిసార్లు తీసుకుంటారో మీరు రాయలేదు. కాబట్టి మోతాదు సంగతి నేను చెప్పను. టిక్కెట్టు పట్టుకుని మీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. పడమటికి పోయేటప్పుడు రోజు సాగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. రెండింటికీ లెక్క రాయించుకోండి. దిగేదాకా చేతిగడియారం మన టైములోనే ఉండనివ్వండి. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే, పళ్లెం ఎదురుగా వచ్చాకే వేసుకోవాలి. భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి. అందుకని గ్లూకోజు, బిస్కట్లు జేబులోనే ఉండాలి. ఇన్సులిన్ మాత్రం సామాను పెట్టెలో వేయవద్దు. అక్కడ గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి.

ఇక మీ సంగతి. కాళ్లలో నరాలు ఉబ్బి ఉన్నాయని చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు అదే ముఖ్యమనిపించింది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ఆరోగ్యవంతులలో ఇది అరుదే. ఉబ్బునరాలున్నవారికి, స్థూలకాయులకు, ఈమధ్య ఆపరేషన్ అయినవారికి ఎక్కువ. నడవ పక్క సీటు అడగండి. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నప్పుడు మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తుతుండండి. బాత్‌రూముకు లేవాల్సి వస్తుందని మన ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, అది మంచిది కాదు. నిద్రమాత్ర వద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా వద్దు. బిగుతు మేజోళ్లు అవసరమా కాదా అన్నది మీ డాక్టరుగారు కాలు చూసి చెబుతారు.

ఆమధ్య ఒకాయన ప్రయాణం చేసిన పదిరోజులకు ఎడమ పిక్క వాచిందని వచ్చారు. బెణికిందనుకుని అన్నాళ్లూ నూనె రాసి మర్దనా చేయించుకున్నారట! దిగిన తరువాత కొన్ని వారాలదాకా ఒక కాలే వాచినా, నొప్పి పుట్టినా మర్దనా చేయించక అదేరోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం గాని, ఛాతీలో పోటు గాని వస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట మీ అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి.