రగ్గులో చుట్టిన ఫోన్

వెయ్యి అడుగులు బోరేసినా చెమ్మ తగలని చోటు మాది. కదిరి పక్కన పల్లె. సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది ఇరవై రెండేళ్లు నిండాక. ఓడలో వచ్చిన సరుకు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లోనే ఉంది. పులి బొమ్మ రగ్గు, టాంగ్ డబ్బా, పాలపొడి, యాక్స్ ఆయిల్, సెంటు సీసాలు, ఇక్కడ దొరకని వాసనతో సబ్బులు. అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసేది. మా వైపు దాన్ని ‘ఖద్దామా పని’ అంటారు. రెండేళ్లకోసారి అమ్మ వచ్చేది. రాని ఏడాది బాక్సు వచ్చేది.

రాయచోటి, రాజంపేట, కదిరి వైపు వాళ్లకు ఈ బాక్సు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా. శుక్రవారం సెలవు దొరికితే అమ్మ కువైట్ సిటీలో మాలియా వైపు వెళ్లేది. అక్కడ కార్గో షాపులుంటాయి. విమానానికి ఒక రేటు, ఓడకు ఒక రేటు. ఓడ చవక. అందుకే బరువైనవన్నీ ఓడకే. నెలల తరబడి ఒక్కొక్కటీ కొని మంచం కింద దాచుకున్నవి అట్టపెట్టెలో సర్ది, టేపు చుట్టించి, నాన్న పేరు, ఊరు, ఫోన్ నంబరు మార్కర్‌తో నాలుగు వైపులా రాయించేది. ‘నెలా నెలన్నరలో మీ ఇంటి గడప దగ్గర దించుతాం’ అని షాపువాళ్ల మాట.

2018లో నేను అనంతపురంలో డిగ్రీ రెండో ఏడాది. హాస్టల్లో అందరి చేతుల్లో పెద్ద స్క్రీన్ ఫోన్లు. నాది మాత్రం పగిలిన గ్లాసుకు టేపేసిన ఫోన్. ఒకరోజు ఇమో కాల్‌లో అడిగేశాను.

“అమ్మా, నాకొక ఫోన్ కావల్ల.”

“ఆడ దొరకవా నాయనా?”

“కువైట్ ఫోన్ వేరేమ్మా.”

వేరే ఏమీ కాదు. అదే కంపెనీ, అదే మోడల్. ‘కువైట్ నుంచి మా అమ్మ పంపింది’ అని నలుగురిలో చెప్పుకోవాలని నా ఆశ. కువైట్‌లో ఇంటిపనివాళ్లకంటూ ప్రత్యేక చట్టం వచ్చిందే 2015లో. మరుసటి ఏడాది కనీస జీతం నెలకు 60 దినార్లని పెట్టారు. అమ్మకు దానికి కాస్త పైన వచ్చేది. నేనడిగిన ఫోన్ ఆమెకు నెల జీతం. ఆ లెక్క అప్పుడు నేను వేయలేదు. అమ్మ వేసే ఉంటుంది, నాకు చెప్పలేదు.

ఊరికి వచ్చేవాళ్ల చేతికిద్దామని చూసింది. ఎవరి బ్యాగులు వాళ్లకే బరువు. చివరికి బాక్సులోనే పెట్టింది. కార్గో షాపులో రాయించే సామాన్ల జాబితాలో ఫోన్ ఊసే లేదు. ‘రగ్గు 1’ అని రాశారు. ఫోన్ ఆ రగ్గు మడతల్లో ఉంది. అలా పెట్టమని సలహా ఇచ్చింది నేనే.

మార్చి మొదటి వారంలో బాక్సు వేసింది. ఏప్రిల్ పోయింది, మే పోయింది. బాక్సు లేదు.

ఎదురింటి ఖాలా వాళ్ల బాక్సు కూడా అదే షాపులో, అదే వారం వేశారు. ఖాలూ అక్కడ డ్రైవరు. రంజాన్ అయ్యాక కూతురి పెళ్లి. పెళ్లికూతురి బట్టలు, రగ్గులు, డిన్నర్ సెట్టు అన్నీ ఆ బాక్సులోనే. రంజాన్ నెల మొదలైంది. ఖాలా రోజూ కార్గో వాళ్లకు ఫోన్ చేసేది. ఒకరోజు అవతలి నుంచి జవాబొచ్చింది: కంటెయినర్ ముంబై దగ్గర నవశేవా పోర్టులో కస్టమ్స్ దగ్గర ఆగింది. ఎవరివో బాక్సుల్లో రాయని వస్తువులు దొరికాయి. ఇప్పుడు అన్ని బాక్సులూ విప్పి చూస్తున్నారు.

“ఎవడో దొంగ నా కొడుకు చేసిన పనికి నా బిడ్డ పెళ్లి సామాను ఆడ పడింది” అని ఖాలా వీధిలో నిలబడి తిట్టింది. నేను మా అరుగు మీదే ఉన్నాను. తల వంచుకుని పాత ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

పెళ్లి అప్పు చేసి కొన్న బట్టలతో జరిగింది. బాక్సులు జులైలో వచ్చాయి. మాది విప్పి మళ్లీ టేపేసిన పెట్టె. రగ్గు ఉంది. రగ్గులో ఫోన్ లేదు. ఎవరిని అడుగుతాం? జాబితాలోనే లేనిదాన్ని పోయిందని ఎలా చెబుతాం?

ఆ తర్వాతే ఈ ఓడ వ్యాపారం ఏంటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇనప పెట్టెల్లో సరుకు నింపి పెట్టెకు పెట్టెగా ఓడెక్కించే పద్ధతి 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి మొదలుపెట్టాడు. మొదటి ఓడలో 58 పెట్టెలు వెళ్లాయి. ఇప్పుడు 40 అడుగుల కంటెయినర్‌లో సుమారు 67 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. ఫ్యాక్టరీవాళ్లు మొత్తం కంటెయినర్ మాట్లాడుకుంటారు. 2020 జనవరిలో మన తాడిపత్రి నుంచి అరటిపళ్లు 43 చల్లని కంటెయినర్లలో రైలెక్కి ఇదే నవశేవాకు వెళ్లాయి, అక్కడి నుంచి విదేశాలకు. లోపల ఒకటే సరుకు, కాగితం మీద ఒకటే మాట. తనిఖీ తేలిక.

మన బాక్సుల సంగతి అలా కాదు. అమ్మ లాంటి వందల మంది పెట్టెలు కలిపి ఒక కంటెయినర్ నింపుతారు. ఒక్కో పెట్టెలో సబ్బు దగ్గర్నుంచి కుక్కర్ దాకా ముప్పై రకాలు. కస్టమ్స్‌కు ఒక్క పెట్టె మీద అనుమానం వచ్చిందంటే కంటెయినర్ అంతా ఆగుతుంది. పోర్టులో ఆగిన ప్రతి రోజుకూ అద్దె పడుతుంది. సిటీ బస్సులో ఒకడు టికెట్ కొనకపోతే వాణ్ని దించేసి బస్సు వెళ్లిపోతుంది. ఇక్కడ ఆ ఒక్కణ్ని పట్టుకునేదాకా బస్సు కదలదు.

నేను అసలు ఆలోచించని ఇంకో సంగతి ఉంది. ఫోన్ అంటే లిథియం బ్యాటరీ. ఓడ సరుకుల అంతర్జాతీయ నిబంధనల్లో అది ప్రమాదకర వస్తువుల్లో తొమ్మిదో తరగతి. నలిగినా, వేడెక్కినా అంటుకుంటుంది. దాని చుట్టూ రగ్గులు, బట్టలు, సెంటు సీసాలు. 2025 జూన్ 9న కేరళ తీరానికి దూరంగా వాన్ హాయ్ 503 అనే కంటెయినర్ ఓడలో మంటలు లేచాయి. 22 మంది సిబ్బందిలో 18 మందిని కాపాడారు. నలుగురు గల్లంతయ్యారు. ఆ వార్త చదివిన రోజు నాకు మా రగ్గే గుర్తొచ్చింది. నడి సముద్రంలో మంట ఆర్పేవాళ్లకు దారి చూపేది ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితానే. మన జాబితాలో ‘రగ్గు’ అని ఉంటే వాళ్లు రగ్గనే నమ్ముతారు.

అమ్మ 2023లో పని మానేసి వచ్చేసింది. చివరి బాక్సు వేసేముందు ఇద్దరం ఇమోలో కూర్చున్నాం. కార్గో షాపు బోర్డు మీద ‘డోర్ టు డోర్’ అని ఎంత పెద్దగా ఉన్నా, కస్టమ్స్ పుస్తకంలో ఆ పేరుతో ఏ సౌకర్యమూ లేదని అప్పటికి తెలుసు. పోస్టులో, కొరియర్‌లో గిఫ్టు పేరుతో వస్తువులు సుంకం లేకుండా తెప్పించుకోవడాన్ని 2019 డిసెంబరులోనే ఆపేశారు, ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు తప్ప. వెనకాల ఓడలో వచ్చే సామాను, ఊరికొచ్చే మనిషి పేరు మీద, పాస్‌పోర్టుతో రావాలి. 2016 నాటి బ్యాగేజ్ రూల్స్‌లో రెండేళ్లు పైగా బయట ఉండి తిరిగొచ్చేసేవాళ్లకు, కొన్ని వస్తువులు మినహా, వాడుకున్న ఇంటి సామాను 5 లక్షల రూపాయల విలువ దాకా సుంకం లేకుండా వదిలేవాళ్లు. మా అమ్మకు పద్నాలుగేళ్లు. ఆమె హక్కు అది.

ఒక్కో వస్తువూ కెమెరా ముందుకు తెచ్చి చూపించింది. నేను రాసుకున్నాను. వాడిన రగ్గులు 2. చీరలు 11. ఇస్త్రీ పెట్టె 1. ప్లాస్టిక్ చెంచాలు కూడా రాశాను.

“ఇవిగూడా రాయల్నా?” అని నవ్వింది.

“రాయల్లమ్మా.”

“మరి నా ఫోను?”

“అది చేతిలో పెట్టుకుని రా.”

జాబితాకు రెండు శుక్రవారాలు పట్టింది. బాక్సుకు నలభై ఒక్క రోజులు. పోర్టులో విప్పి చూశారు. రాసినవన్నీ ఉన్నాయి, ఉన్నవన్నీ రాసున్నాయి. మళ్లీ మూసి పంపేశారు.

ఆ బాక్సు వచ్చిన సాయంత్రం ఎదురింటికి ఒక సబ్బుల ప్యాకెట్ తీసుకెళ్లి ఖాలాకు 2018 సంగతి చెప్పేశాను. ఐదేళ్ల మాట. తిడుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు.

“రే బేటా... నా బాక్సులోనూ అల్లునికని రెండు ఫోన్లు ఉండె. డిన్నర్ సెట్టు అట్ట కింద. అవీ రాలేదు.”

ఎవరి బాక్సు వల్ల ఆగిందో ఇప్పటికీ తెలీదు. ‘మనది ఒక్కటే కదా’ అనుకున్నవాళ్లు ఆ కంటెయినర్‌లో ఇంకెందరున్నారో!

మీ ఇంటికీ ఇలాంటి బాక్సు రావాల్సి ఉంటే, ఈసారి కాల్‌లో ‘ఏం పంపుతున్నావ్’ అని అడక్కండి. ‘ఏమేం రాయించావ్’ అని అడగండి. ఇంకా ఏదైనా తెమ్మని చెప్పాలనిపిస్తే, ముందు అది వాళ్లకు ఎన్ని రోజుల జీతమో లెక్కేసుకోండి. నేను ఐదేళ్లు ఆలస్యంగా వేశాను.