ఆ జామర్ స్టోర్లో ఎందుకుంది?

గార్డన్ జెంటిల్. ఎప్పుడైనా విన్నారా ఈ పేరు?

వినలేదు. ఇరాక్ యుద్ధానికి దిగిన బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ పేరు మాత్రం బాగా తెలుసు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం, పొల్లాక్ పేట. అక్కడి కుర్రాడు గార్డన్. ఉపాధి కార్యాలయానికి పోతుంటే సైన్యంలో చేర్చుకునేవాళ్లు దారిలో పట్టుకున్నారని వాళ్లమ్మ రోజ్ చెబుతుంది. ఆ దారిలోనే ఎందుకు కాపు వేస్తారో విడమరిచి చెప్పాలా? మంత్రుల పిల్లలు అటు పోరు కదా!

రాయల్ హైలాండ్ ఫ్యూజిలియర్స్ దళంలో వేశారు. శిక్షణ అయిన కొన్ని వారాలకే ఇరాక్ పంపారు. 2004 జూన్ 28న బస్రాలో రోడ్డు పక్కన బాంబు పేలింది. ల్యాండ్‌రోవర్‌లో ఉన్న గార్డన్ చనిపోయాడు.

వయసు 19.

అదే రోజు బాగ్దాద్‌లో అమెరికా అధికారి పాల్ బ్రెమర్ ఇరాకీలకు అధికారం అప్పజెప్పి విమానమెక్కాడు. ప్రపంచం చూపంతా అటే.

"యుద్ధమన్నాక చస్తారు" అనబోతున్నారు కదూ? ఆగండి.

దూరం నుంచి మీట నొక్కి పేల్చే బాంబుల్ని అడ్డుకునే జామర్లు బ్రిటిష్ సైన్యం దగ్గర ఉన్నాయి. ఆ బండికి కావలసిన పరికరం ఇరాక్ దాకా వచ్చింది కూడా. వచ్చి, స్టోర్లో పడి ఉంది. బండికి బిగించినవాడు లేడు. ఇది నా ఆరోపణ కాదు. పరికరం ఉండి ఉంటే అతను బతికే అవకాశమే ఎక్కువని 2007లో మరణ విచారణ జరిపిన కరోనర్ సెలీనా లించ్ తేల్చారు.

బతికేవాడు. వినబడుతోందా?

ఇక ఆ తల్లికి చేసిన మర్యాద చూడండి: లేని సామూహిక మారణాయుధాలు ఉన్నాయని నమ్మించి దేశాన్ని యుద్ధంలోకి దింపారు, పని దొరకని పిల్లవాడికి తుపాకి ఇచ్చి పంపారు, కాపాడే పరికరాన్ని మూల పడేసి బండిని రోడ్డెక్కించారు, అడ్డుకోగలిగిన చావును వీరమరణమన్నారు, ఎందుకు పోయాడో తేల్చడానికి మూడేళ్లు దాటించారు, అసలు ఆ యుద్ధం చట్టబద్ధమేనా విచారించమని ఆమె మరో సైనికుడి తల్లితో కలిసి కోర్టుకెక్కితే 2008లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కుదరదు పొమ్మన్నారు, 2009లో ఆ యుద్ధం మీద చిల్కాట్ విచారణ మొదలుపెట్టి ఏడేళ్లు ఈడ్చి 2016 జూలైలో 26 లక్షల మాటల నివేదిక ముందు పడేశారు, శాంతి మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారని అందులోనే రాసి ఒక్క నాయకుణ్ణీ బోనెక్కించలేదు, అదీ చాలక 2022 కొత్త సంవత్సరానికి అదే బ్లెయిర్‌ను 'సర్' చేసి ఊరేగించారు.

నివేదిక మందం పెరిగితే న్యాయం జరిగినట్టా?

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించే సైనిక కుటుంబాలను కూడగట్టింది. 2005 ఎన్నికల్లో సాక్షాత్తూ సాయుధ దళాల మంత్రి ఆడమ్ ఇంగ్రామ్ మీదే పోటీకి నిలబడింది. ఎన్ని ఓట్లు పడ్డాయి? సుమారు 1,500.

మంత్రి గెలిచాడు.

ఏటా నవంబరులో యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం కోటుకి ఎర్ర పువ్వు గుచ్చుకుని రెండు నిమిషాలు తల వంచే జనం వాళ్లు. చచ్చినవాడికి మౌనం పాటించారు. అతని తల్లి ఓటు అడిగితే మొహం చాటేశారు.

నవ్వకండి. మనమేం తక్కువ తిన్నామా? ఊళ్లో జవాను పోతే ఫ్లెక్సీ కట్టేది ఎవరు? వాట్సాప్ స్టేటస్ పెట్టేది ఎవరు? "అమర్ రహే" అని గొంతు చించుకునేది ఎవరు? పెద్దకర్మ అయ్యాక ఆ గడప తొక్కేది ఎవరు? సరే, అదీ వదిలేయండి. రేపు ఆ తల్లి మైకు ముందు నిలబడి "మావాడికి ఏం జాకెట్టు ఇచ్చి పంపారు?" అని అడిగిందనుకోండి. ఆమెను దేశద్రోహి అనడానికి మీకు ఎంతసేపు పడుతుంది?

ఆమె ఏడిస్తే మీకు ముద్దు. అడిగితే మంట.

ఇరాక్‌లో పోయిన బ్రిటిష్ సైనికులు 179 మంది. ఇరాకీలు లక్ష పైమాటే. వాళ్ల తల్లులకు చిల్కాట్ లాంటి విచారణ దేవుడెరుగు, పిల్లల పేర్లయినా అడిగినవాళ్లు ఎంతమంది? ఆ లెక్క తీస్తే మీకు రాత్రి నిద్ర పట్టదు. పట్టకూడదు కూడా.

సాయంత్రం టీవీలో యాంకర్ యుద్ధం కావాలని అరుస్తుంటే పకోడీలు నములుతూ తలూపుతున్నారే, వెళ్లేది ఎవరి పిల్లలో ఆలోచించారా? వాళ్ల చేతికి ఏమిచ్చి పంపుతున్నారో అడిగారా? ఏ పేటల నుంచి ఏరుతున్నారో అడిగారా?

ఇకనుంచి దండ పట్టుకుని వచ్చే మంత్రిని గుమ్మం దగ్గరే ఆపండి. కుర్రాడు ఎలా పోయాడో, ఎవరి తప్పుతో పోయాడో చెప్పమని ఆ తల్లి పక్కన నిలబడి అడగండి. అంత ధైర్యం లేదా? అయితే ఆ దండా వేయకండి.