జైలు గేటు దాటాక బాధ్యత ఎవరిది?

న్యూఢిల్లీ: ఖైదీలను గోడల మధ్య ఉంచడానికి దేశంలోని ప్రభుత్వాలు ఏటా వేల కోట్ల రూపాయలు వెచ్చిస్తున్నాయి. అదే ఖైదీ విడుదలై గేటు దాటిన మరుక్షణం నుంచి అతని కోసం ప్రత్యేకించిన బడ్జెట్ పద్దు దాదాపు కనిపించదు. తలదాచుకునే చోటు, చేసుకునే పని, గుర్తింపు పత్రాలు, అప్పటికే తెగిపోయిన బంధాలు... అన్నింటినీ అతనే వెతుక్కోవాలి. విడుదలైన వ్యక్తి మళ్లీ నేరం వైపు వెళ్తాడా, లేదా అన్నది చాలావరకు తొలి కొన్ని నెలల్లోనే తేలిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రభుత్వం పక్కకు తప్పుకుంటోంది.

సమస్య చిన్నదేమీ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. సామర్థ్యంతో పోలిస్తే ఇది 131 శాతం. వీరిలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2021 ఒక్క ఏడాదిలోనే 18 లక్షల మందికి పైగా జైళ్లలో అడుగుపెట్టారు. వీరిలో అత్యధికులు కొన్ని వారాలకో, నెలలకో, ఏళ్లకో సమాజంలోకి తిరిగి రావలసినవారే. ఖైదీల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది పదో తరగతి వరకైనా చదవనివారు కావడం గమనార్హం.

గోడల లోపలికే నిధులు

2019-20లో ఖైదీలపై ప్రభుత్వాలు సుమారు రూ.2,061 కోట్లు ఖర్చు చేశాయి. అందులో దాదాపు సగం ఆహారానికే సరిపోయింది. వృత్తి శిక్షణ, విద్యలకు దక్కింది 1.2 శాతం. సంక్షేమ కార్యక్రమాలకు ఒక్క శాతం. ఇవి కూడా జైలు లోపలి ఖర్చులే తప్ప విడుదల తరువాతివి కావు.

కేంద్రం 2021-26 కాలానికి జైళ్ల ఆధునికీకరణకు రూ.950 కోట్లు కేటాయించింది. పథకం లక్ష్యాల్లో ఖైదీల సంస్కరణ ప్రస్తావన ఉన్నా, నిధులు ప్రధానంగా భద్రతా పరికరాలకే ఉద్దేశించారు. 2023-24 బడ్జెట్‌లో ప్రకటించిన పేద ఖైదీల సహాయ పథకానికి ఏటా రూ.20 కోట్లు కేటాయించారు. 2023 నాటి మార్గదర్శకాల ప్రకారం బెయిలు పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి రూ.40 వేల వరకు, జరిమానా చెల్లించలేని శిక్షపడిన ఖైదీకి రూ.25 వేల వరకు సాయం అందించాలని నిర్ణయించారు. పథకాన్ని వినియోగించుకోవడంలో రాష్ట్రాలు ఆశించినంతగా ముందుకు రాలేదని కేంద్ర హోం శాఖే గుర్తుచేయవలసి వచ్చింది. పైగా ఈ సాయం తలుపు తెరిచేంతవరకే. తలుపు అవతల ఏమిటన్నది దాని పరిధిలో లేదు.

రెండు శాఖల నడుమ

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల అంశం. సాధారణంగా హోం శాఖ కింద ఉండే జైళ్ల విభాగం బాధ్యత విడుదలతో ముగుస్తుంది. విడుదలైనవారి బాగోగులు పలు రాష్ట్రాల్లో సాంఘిక సంక్షేమ శాఖలకు సంబంధించినవి. వాటి ప్రాధాన్య క్రమంలో మాజీ ఖైదీలు చివరివారు. ఎవరు ఎప్పుడు విడుదలవుతారో మొదటి శాఖకు తెలుసు. వారికి ఏం కావాలో చూడవలసింది రెండో శాఖ. ఈ రెండింటినీ కలిపే ఉమ్మడి పద్దు లేదు.

సిఫార్సులకు మాత్రం కొరత లేదు. 1980-83 నాటి జస్టిస్ ముల్లా కమిటీ, 2016 నాటి నమూనా జైలు మాన్యువల్, 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం, మూడూ పునరావాసాన్ని నొక్కిచెప్పినవే. కానీ నమూనాలు రాష్ట్రాలకు సూచనలే తప్ప ఆదేశాలు కావు. వాటి వెంట నిధులూ రాలేదు.

అసలైన ఖాళీ విచారణ ఖైదీల విషయంలో ఉంది. పునరావాస పథకాలు ప్రధానంగా శిక్షపడినవారిని దృష్టిలో ఉంచుకొని రూపొందాయి. విచారణ ఖైదీ విడుదల తేదీ ముందుగా తెలియదు. బెయిలు ఉత్తర్వు రాగానే బయటికి వస్తాడు. లోపల పని చేసి కూడబెట్టిన వేతనమూ సాధారణంగా ఉండదు. ఏళ్ల తరబడి జైల్లో ఉండి నిర్దోషిగా తేలినా, పోయిన ఉపాధికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఫలించినవి, మిగిలిన సందేహాలు

ఆశావహ ఉదాహరణలు లేకపోలేదు. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతూ విడుదలైనవారికీ వాటిలో ఉపాధి కల్పించింది. ఢిల్లీలోని తీహార్ జైలు 2011లో ఖైదీల కోసం ప్రాంగణ నియామకాలు చేపట్టింది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1990లో ప్రారంభించిన 'ప్రయాస్' ప్రాజెక్టు విడుదలైనవారికి అండగా నిలుస్తోంది. జైపూర్ సమీపంలోని సాంగనేర్ బహిరంగ జైలులో ఖైదీలు కుటుంబంతో ఉంటూ, బయట పనిచేసి సంపాదించుకుంటున్నారు. విడుదల నాటికి వారికి ఇల్లూ పనీ కొత్త కావు. అయితే ఇలాంటి ప్రయత్నాల్లో చాలావరకు అధికారుల చొరవపైనో, సంస్థల దాతృత్వంపైనో ఆధారపడినవే. అధికారి బదిలీ అయితే, దాత వెనక్కి తగ్గితే అవి నిలుస్తాయన్న భరోసా లేదు. అమెరికా 2008లో 'సెకండ్ ఛాన్స్' చట్టం తెచ్చి, విడుదలైనవారికి సేవలందించే స్థానిక ప్రభుత్వాలకు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే మార్గం ఏర్పరచింది. మన దేశంలో అలాంటి జాతీయ నిధి లేదు.

నేరం చేయని పేదలకే సాయం అందనప్పుడు మాజీ ఖైదీలకు ప్రజాధనం ఎందుకన్న ప్రశ్న సహజమే. బాధితుల వేదననూ తక్కువ చేయలేం. కానీ బతుకుతెరువు దొరకని వ్యక్తి తిరిగి జైలుకు వస్తే ఆ ఖర్చూ ప్రజలదే, కొత్త బాధితుడూ ప్రజల్లోని వాడే. పునరావాసం దయ కాదు, భద్రతకు పెట్టే పెట్టుబడి.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ప్రతి రాష్ట్ర బడ్జెట్‌లో విడుదల అనంతర సేవలకు విడిగా పద్దు ఉండాలి. విచారణ ఖైదీలనూ అందులో చేర్చాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వంటివి జైల్లో ఉండగానే సరిచేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ద్వారా తొలి ఆరు నెలలు తోడుగా నిలిచే వ్యవస్థ ఏర్పడాలి. పేద ఖైదీల పథకంలో ఖర్చు కాని సొమ్మును ఇందుకు మళ్లించే వెసులుబాటు కేంద్రం కల్పిస్తే తొలి అడుగు పడినట్లే. ఎందరిని నిర్బంధించామన్న లెక్క ఏటా వెలువడుతోంది. బయటికి వచ్చినవారిలో ఎందరు నిలదొక్కుకున్నారన్న లెక్కకూ అంతే ప్రాధాన్యం దక్కాలి.