బారసాలకు ముందే పరీక్ష జరగాలి

పుట్టిన ప్రతి బిడ్డకూ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేలోపే వినికిడి పరీక్ష చేయాలి. అందులో అనుమానం తేలితే మూడు వారాలు నిండకముందే లాలాజలమో మూత్రమో తీసి సైటోమెగాలో వైరస్ ఉందేమో చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటు నర్సింగ్ హోమా అన్న తేడా లేకుండా కాన్పులు జరిగే ప్రతిచోటా రాష్ట్ర ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేయాలి.

తల్లి కడుపులో ఉండగానే బిడ్డకు సోకే వైరస్‌లలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. సంపన్న దేశాల్లో వెయ్యిమంది శిశువుల్లో దాదాపు ఐదుగురికి ఉంటే, మనలాంటి దేశాల్లో వందకు ఒకరికి మించి ఉంటుందని పరిశోధనల అంచనా. సోకినవారిలో పదింట తొమ్మిదిమంది పుట్టినప్పుడు బొద్దుగా, ఆరోగ్యంగానే కనిపిస్తారు. వాళ్లలోనూ కొందరికి నెలలు, ఏళ్లు గడిచాక వినికిడి తగ్గిపోతుంది. జన్యు కారణాలను పక్కన పెడితే పసిపిల్లల చెవుడుకు ఇంతకు మించిన కారణం లేదు.

ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. రెండేళ్లొచ్చినా పిల్లాడికి మాట రాదు. ‘వాళ్ల నాయనకూ ఆలస్యంగనే మాటలొచ్చినయి, ఏం కాదు’ అంటుంది నాయనమ్మ. వెనక నుంచి పళ్లెం మోగిస్తారు. గోడ మీద నీడ కదిలిందనో, నేల అదిరిందనో పిల్లాడు తిరిగి చూస్తాడు. వినపడుతోందనుకుని అందరూ ఊరట పడతారు. మాటలు నేర్వాల్సిన కాలం అలా చేజారిపోతుంది.

మూడు వారాల గడువు ఎందుకంటే, ఆ తర్వాత వైరస్ కనిపించినా అది కడుపులో సోకిందో, పుట్టాక తల్లిపాల ద్వారా వచ్చిందో చెప్పలేం. పుట్టాక వచ్చినది నెలలు నిండి పుట్టిన బిడ్డకు సాధారణంగా హాని చేయదు. మన ఇళ్లలో చాలాచోట్ల 21వ రోజున బిడ్డను తొట్టెలో వేసి పేరు పెడతారు. తల్లిగారింట్లో ఆ పండుగ ముగిసేసరికే ఖాయంగా తెలుసుకునే అవకాశం కూడా ముగిసిపోతుంది. ముందే తెలిస్తే వైద్యం ఉంది. లక్షణాలున్న పిల్లలకు నెలలోపు మొదలుపెట్టి ఆరు నెలలు వాల్‌గాన్‌సైక్లోవిర్ ఇస్తే వినికిడికి, ఎదుగుదలకు కొంత మేలు జరుగుతుందని 2015లో వెలువడిన పరిశోధన చూపింది. తెల్లరక్తకణాలు పడిపోకుండా తరచూ రక్తపరీక్ష చేస్తూ ఇవ్వాల్సిన మందు ఇది. సోకిన ప్రతి బిడ్డకూ అవసరం ఉండదు. మందు అక్కర్లేని పిల్లలకైనా బడి వయసు వచ్చేదాకా విడతలవారీగా వినికిడి పరీక్షలు చేస్తూనే ఉండాలి.

వసతులు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లిలో 1999 నుంచి కామినేని వైద్య కళాశాల ఉంది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కోవిడ్ కాలంలో జిల్లాలకు చేరిన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రాలతోనే ఈ పరీక్షా చేయవచ్చు. పాలు తాగిన గంట తర్వాత బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పితే నమూనా వస్తుంది. ఫలితం పాజిటివ్ అయితే మూత్రంతో నిర్ధారించుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉండనే ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీలో లక్షలు ఖర్చు పెట్టగల ప్రభుత్వానికి ఈ పరీక్ష భారమవుతుందంటే మేం ఒప్పుకోం.

వినికిడి పరీక్షలో తప్పిన పిల్లలకే వైరస్ పరీక్ష చేస్తే కొందరు జారిపోతారన్నది నిజమే. అమెరికాలోని యూటా రాష్ట్రం 2013లో అలాగే చట్టం చేసి మొదలుపెట్టింది. మినెసోటా 2023లో పుట్టిన ప్రతి శిశువుకూ పరీక్ష చేయడం ఆరంభించింది. మనమూ మొదటి మెట్టు ఎక్కుదాం. తలచుట్టు కొలత తక్కువున్న బిడ్డలకు, ఒంటి మీద ఎర్రమచ్చలు, తగ్గని కామెర్లు ఉన్నవాళ్లకు వినికిడి ఫలితంతో పని లేకుండా వెంటనే చేయాలి.

ఆపాల్సిన పని ఒకటుంది. కడుపులో బిడ్డకు సోకగల ఇన్ఫెక్షన్ల కోసమంటూ ప్రతి గర్భిణికీ ‘టార్చ్’ రక్తపరీక్ష రాసేయడం. మన దేశంలో ఎక్కువమంది స్త్రీలకు ఈ వైరస్ చిన్నప్పుడే సోకి ఉంటుంది కాబట్టి అందులో ఐజీజీ (ఎప్పుడో సోకిందనడానికి గుర్తుగా రక్తంలో మిగిలే యాంటీబాడీ) పాజిటివ్ రావడం మామూలే. బిడ్డకు సోకిందని దానర్థం కాదు. ఆ కాగితం చూసి కోడలిని తప్పుపట్టే ఇళ్లున్నాయి, భయంతో గర్భం తీయించుకునేవారూ ఉన్నారు. పాత వైరస్ మళ్లీ మేల్కొన్నా, కొత్త రకం సోకినా అది తల్లి తప్పు కాదు. ఆమెకు చెప్పాల్సింది వేరే ఉంది: పెద్దపిల్లాడి ఎంగిలి తినవద్దని, వాడి ముక్కు తుడిచాక, బట్టలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని, ముద్దు పెదవుల మీద కాక నుదుటి మీద పెట్టాలని. ఆశా కార్యకర్తలు ఈ మాట ఇంటింటికీ చేర్చాలి. రోజంతా పసిపిల్లల మధ్యే ఉండే అంగన్‌వాడీ టీచర్లకు మరీ ముఖ్యంగా చెప్పాలి.

వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి, దాన్ని నల్లగొండ జిల్లా నుంచే అమలు చేయాలి. డిశ్చార్జి కాగితంలో టీకాల పక్కనే వినికిడి ఫలితానికీ ఒక గడి పెట్టాలి. అది ఖాళీగా ఉంటే డాక్టర్ సంతకం పడకూడదు.