గనుల టైర్లు తారురోడ్డుకెందుకు?

బరువైన టైరు వేస్తే లారీ బలంగా లాగుతుందా, లేక డీజిలు తాగుతుందా? సింగరాయకొండ ప్రాంతంలో లారీలున్నవారి మధ్య ఇది తెగని వాదం. గనుల్లో, రాళ్ల దారుల్లో వాడే టైర్లు చూపుకే ధైర్యమిస్తాయి. రబ్బరు మందం, గాడులు లోతు. అవి వేయిస్తే ఎంత బురదైనా దాటవచ్చని, ఏళ్ల తరబడి అరగవని కొందరి నమ్మకం. అప్పు చేసి మరీ కొంటారు. ఆ అప్పు లారీ యజమానితో ఆగదు. బాడుగలో కలిసి మిరప రైతు, పొగాకు రైతు, సుబాబుల్ రైతు నెత్తిన పడుతుంది. కనుక ఇది డ్రైవర్ల కబుర్లుగా వదిలేసే సంగతి కాదు.

ముందుగా బరువు మాట. ఒక్కో టైరు పది కిలోలు ఎక్కువ తూగుతుందనుకుందాం. పది టైర్ల లారీకి వంద కిలోలు. చక్రం ముందుకు పోవడమే కాక తిరగాలి కూడా. కనుక వేగం అందుకునేటప్పుడు అంచున ఉన్న ఆ బరువు దాదాపు రెట్టింపు లెక్కకు వస్తుంది. అంటే రెండు వందల కిలోలు. మిరపకాయలైతే నాలుగైదు టిక్కీలు. నిండు బరువుతో 28.5 టన్నులు తూగే లారీకి ఇది నూటికి ఒక పాలు కూడా కాదు. బరువు వల్లే లారీ ఈడ్చుకుపోతోందనడం పెద్ద లారీ విషయంలో నిజం కాదు. ముప్పాతిక టన్ను సరుకు మోసే చిన్న బండి సంగతి వేరు. దానికి పెద్ద టైర్లు బిగిస్తే ఎత్తులో ఇంజను రొప్పుతుంది, బ్రేకులు, బేరింగులు తొందరగా దెబ్బతింటాయి.

ఇక్కడ చాలామంది గమనించని తిరకాసు ఒకటుంది. టైరు వ్యాసం నూటికి అయిదు పెరిగితే మీటరు అంత తక్కువ చూపిస్తుంది. బండి 105 కిలోమీటర్లు నడిస్తే మీటరులో 100 మాత్రమే తిరుగుతుంది. మైలేజీ పడిపోయిందని మెకానిక్కును తిట్టేవారు ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి.

అసలు ఖర్చు బరువులో కాదు, రబ్బరు నలగడంలో ఉంది. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలను తాకినచోట టైరు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ శ్రమంతా వేడిగా పోతుంది. తారురోడ్డు మీద నిండు సరుకుతో పోయే లారీ తాగే డీజిలులో ఇంచుమించు మూడోవంతు టైర్లను దొర్లించడానికే సరిపోతుంది. ఎత్తైన రబ్బరు దిమ్మెలు ఎక్కువగా నలుగుతాయి, ఎక్కువగా వేడెక్కుతాయి. మందపాటి రబ్బరులోంచి ఆ వేడి తొందరగా బయటికి పోదు. వైశాఖ మాసపు ఎండలో, కాలే తారు మీద, ఆగకుండా తోలితే లోపలి పొరలు విడిపోయి టైరు పేలడం ఇందుకే. గనుల టైర్లను అతివేగానికి వాడరాదని కంపెనీలు చెప్పేది ఊరికే కాదు.

అయితే ఆ టైర్లు దండగమారివని కాదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు వెళ్లి చూస్తే వాటి విలువ తెలుస్తుంది. అక్కడ టైరు అరిగి చావదు, కోసుకుని చస్తుంది. కత్తుల్లాంటి రాతి ముక్కల మీద మామూలు టైరు ఎంతోకాలం నిలవదు. వేగం తక్కువ, దూరం తక్కువ, కోతలు ఎక్కువ. అలాంటిచోట మందపాటి రబ్బరుకు పెట్టిన ప్రతి రూపాయి తిరిగి వస్తుంది. కాని అదే క్వారీ నుంచి గ్రానైట్ దిమ్మెను ఎత్తుకుని చెన్నై దారి పట్టిన లారీకి ఆ టైరు బరువు చేటు. దాని దారి రాయి కాదు, తారు.

మరి సింగరాయకొండ లారీ ఎక్కడ నడుస్తుంది? 2010 దాకా 5వ నెంబరు జాతీయ రహదారి అనీ, ఇప్పుడు 16వ నెంబరనీ పిలిచే దారి మీదే ఎక్కువగా. గుంటూరు మిరప యార్డుకు వెళ్లే లారీ పొలం నుంచి రెండు మూడు కిలోమీటర్లు డొంకలో నడిస్తే, వందకు పైగా కిలోమీటర్లు తారు మీద పరుగెత్తుతుంది. రెండు కిలోమీటర్ల డొంక కోసం వంద కిలోమీటర్ల రోడ్డు మీద టైర్లు అరగదీసుకోవడం ఏ లెక్కకూ నిలవదు.

పోనీ, ఆ డొంకలోనైనా అవి ఆదుకుంటాయా? నల్లరేగడి తడిస్తే గాడుల్లో జిగటగా కూరుకుపోతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి లోతు గాడుల టైరు కూడా నున్నటి టైరుతో సమానం. అటు పాకల వైపు, సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో లోతు దిమ్మెలు మేలు చేయకపోగా ఇసుకను తవ్వి బండిని ఇరుసు దాకా దింపుతాయి. అక్కడ గట్టెక్కించేది గాలి కొంత తగ్గించడమే. రోడ్డెక్కే ముందు ఆ గాలి మళ్లీ పట్టించి తీరాలి.

మన దగ్గర టైర్లు అరగడానికి సగం కారణాలు పంక్చరు షాపు దగ్గరే కనిపిస్తాయి. డబ్బు చాలక జంట చక్రాల్లో ఒకదానికి కొత్త లోతు టైరు, పక్కదానికి అరిగిన పాతది వేస్తారు. పెద్దది బరువంతా మోసి వేడెక్కుతుంది, చిన్నది రోడ్డును రాసుకుంటూ అరుగుతుంది. రెండూ దండగే. ఒకే ఇరుసుకు ఒక పక్క రేడియల్, మరో పక్క నైలాన్ వేయడం ఇంకా ప్రమాదం. గాలి చల్లటి టైరులోనే చూడాలి. దారిలో వేడెక్కి గాలి ఎక్కువ చూపితే తీసేసేవారున్నారు. తెల్లారేసరికి ఆ టైరు మెత్తబడి ఉంటుంది. ముందు చక్రాలకు నిలువు గీతల టైర్లు, వెనుక లాగే చక్రాలకు మామూలు అడ్డగాడుల టైర్లు వేసే పాత పద్ధతిలో తప్పేమీ లేదు.

ఇక అధిక లోడు. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువును కేంద్ర ప్రభుత్వం 2018లో 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. అదీ చాలక, కాగితపు మిల్లులకు పోయే కర్ర లోడు పక్కలకు పొంగేట్టు ఎత్తడం పరిపాటి. బరువైన టైరు ఉంది కదా, మోస్తుందిలే అనే ధీమా ఇక్కడే పుడుతుంది. టైరు మోసినా రోడ్డు మోయదు. అమెరికాలో 1958-60 మధ్య లారీలు తోలి చేసిన పరీక్షలను బట్టి రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పది టన్నులు మోయవలసిన ఇరుసు మీద పన్నెండు టన్నులు పడితే నష్టం రెట్టింపు. పడిన గుంతల్లో నలిగేది మళ్లీ ఆ టైర్లే. ట్రాక్టర్లను ఇనుప చక్రాలతో తారు మీదికి తెచ్చేవారు కూడా ఈ పాపంలో వాటాదారులే.

కనుక చేయవలసిన పని టైరు షాపులో లేదు, డొంకలో ఉంది. లారీ దిగబడే చోట్లు ఊళ్లో అందరికీ తెలుసు. ఏ డొంకలోనైనా నాలుగైదు పల్లాలకు మించవు. అక్కడ నీరు పోయేందుకు తూము వేసి, గ్రావెల్ తోలి, చదును చేస్తే మామూలు టైర్లతోనే లారీ పొలం గట్టు దాకా వస్తుంది. ఒక్కో యజమాని విడివిడిగా గనుల టైర్లకు పోసే డబ్బుకంటే ఇది ఊరందరికీ చవక. పంచాయతీలు ఈ పనిని ముందు పెట్టుకోవాలి. నిధులు లేవంటే లారీ యజమానులు, రైతులు తలా కొంత వేసుకోవడానికి వెనుకాడకూడదు. అదీ వేసవిలోనే జరగాలి. వానలు పడ్డాక మొదలుపెడితే గ్రావెల్ తెచ్చిన లారీ కూడా ఆ డొంకలోనే దిగబడుతుంది.