ఇంటిల్లిపాది కలిసి ఒక ఆదివారము

మన కళాశాల నుండి ఏటేటా విహారయాత్రకు బస్సు బయలుదేరును. యాత్ర ముగిసిన పిదప ఛాయాచిత్రములు ప్రకటన ఫలకముపై వెలయును. ఈ సంచికలో దానిని గురించి ఒక వ్యాసము కూడ వచ్చును. ఆ బస్సు ఎక్కని వారిని గురించి మాత్రము ఎవరును వ్రాయరు. వారిలో అధిక సంఖ్యాకులు విద్యార్థినులు. రాత్రి బయట ఉండవలసి వచ్చునని తండ్రి అనుమతింపడు. కొందరికి రుసుము భారమగును. కాని అదే తండ్రి ఆదివారమునాడు భార్యాబిడ్డలను, వృద్ధురాలైన తల్లిని వెంటబెట్టుకొని వలీమాకో, ఉర్సుకో, జాతరకో ఎంత దూరమైనను సంతోషముగా పోయి వచ్చును. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచించినప్పుడు, మన ఆడపిల్లలకు మన జిల్లాల చరిత్రను కన్నులారా చూపగలిగినది ఇంటివారితో కలిసి చేయు ఆదివారపు ప్రయాణమే అని మాకు తోచినది. కమిటీ పెద్దలు విహారయాత్రపై చూపు శ్రద్ధలో కొంత దీనిపై కూడ చూపవలెనని మా కోరిక.

సెలవు దొరికినచో హైదరాబాదుకు పోయి చార్మినారును, జంతుప్రదర్శనశాలను చూచి వచ్చుట మనకు అలవాటు. ఈ మధ్య మాల్‌లు కూడ ఆ వరుసలో చేరినవి. అందులో తప్పు లేదు. అయితే నల్లగొండ పట్టణపు పొలిమేరలోనే పానగల్లు ఉన్నది. కందూరు చోడుల ఏలుబడిలో 11, 12 శతాబ్దములలో వెలసిన పచ్చల సోమేశ్వరాలయము, ఛాయా సోమేశ్వరాలయము అక్కడివే. మొదటిదాని గోడలపైన, స్తంభములపైన రామాయణ భారత కథలు చెక్కబడియున్నవి. ప్రక్కనే పురావస్తు ప్రదర్శనశాల కలదు. రెండవదానిలో మూడు గర్భగృహములు ఒకే మండపమునకు తెరచుకొనును. వాటిలో ఒకదాని యందు స్తంభపు నీడ ఒకటి పగలంతయు చోటు మారక నిలిచియుండును. సూర్యుడు కదలుచుండగా నీడ కదలకుండుట ఎట్లు? నేరుగా పడు ఎండ కాక, స్తంభముల నడుమ నుండి ఇరువైపులా లోనికి ప్రసరించు వెలుగే ఇందుకు కారణమని చెప్పెదరు. మన బి.యస్సీ. విద్యార్థిని ఒకతె తన తమ్ముని సాయముతో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఆ నీడ అంచులను కాగితముపై గుర్తించుకొన్నచో, నాలుగు కొయ్యముక్కలతో, రెండు టార్చిలైట్లతో ప్రయోగశాలలో తానే ఆ మాటను సరిచూడవచ్చును. ఇంతకంటె చౌకయైన ప్రాక్టికల్ మా ఎరుకలో లేదు. ఆలయమునకు చేరువనే ఉదయసముద్రము. ఉదయ చోడుని పేరు నిలుపుకొన్న ఆ పాత చెరువులోనికి నేడు కృష్ణా జలములు వచ్చుచున్నవి.

పాలమూరు వైపు వారికి పిల్లలమర్రిని గురించి మేము చెప్పనక్కరలేదు. ఏడు వందల ఏండ్ల వయస్సు గలదని పేరుగాంచిన ఆ చెట్టు కొమ్మ 2017లో విరిగిపడగా, 2018లో చెదను నివారించుటకు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సెలైను సీసాలతో దానికి మందు ఎక్కించిరి. ఆ వార్త దేశమంతట పత్రికలలో వచ్చినది. కాని అదే జిల్లాలోని కోయిల్‌కొండ దుర్గమును చూచినవారు మన తరగతులలో ఎందరు? ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొంది 1550లో గోలకొండ సింహాసనమెక్కిన ఇబ్రహీం కుతుబ్‌షాకు అండగా నిలిచిన దుర్గములలో అది ఒకటి. ఆయనకు విధేయులమై ఉందుమని దుర్గమువారు ప్రతిన చేసిన 1550 నాటి శాసనము అక్కడిది. ఆ శాసనపు భాష తెలుగు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఆయనయే. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినది ఆయనకే. ఉర్దూ విభాగమునకు, తెలుగు విభాగమునకు నడుమ ఒక వరండా మాత్రమే ఉన్న కళాశాలలో చదువుచు, ఈ రెండు భాషలవారు ఒకే కోట ద్వారము వద్ద నిలిచిన సంగతి పరీక్షల కొరకు మాత్రమే తెలిసికొనుట విచారకరము.

మతమును గురించిన సందేహము కొందరి ఇండ్లలో తప్పక వచ్చును. ఆలయమునకు మనమేల పోవలెనని ఒక ఇంట, దర్గా వైపు మనకేమి పని అని మరియొక ఇంట అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. కాని చూచుట వేరు, ఆరాధించుట వేరు. పాదరక్షలు విడువవలసిన చోట విడిచి, లోనికి రావలదన్న చోట వెలుపల నిలిచి, శిల్పమును శిల్పముగా చూచినందువలన ఎవరి విశ్వాసమునకును భంగము కలుగదు. అలంపురములో 7వ శతాబ్దమున బాదామి చాళుక్యుల నాడు మొదలైన నవబ్రహ్మాలయముల సరసనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. జనవరిలో జరుగు జాన్‌పహాడ్ సైదులు ఉర్సునకు పోవువారిలో హిందువులెందరో, ముస్లిములెందరో వేరుపరచి చెప్పుట కష్టము. పెద్దలు ఎప్పుడో తీర్చుకొన్న సందేహమిది.

మన వాకిట ఉన్నదానిని చూచుటకు ఇతరులు దూరదేశములనుండి వచ్చుచున్నారు, లేదా అదే వారి వద్దకు పోవుచున్నది. ఫణిగిరి కొండపై బౌద్ధ స్తూపము, విహారములు ఉన్నవి. అక్కడి శిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడినవి. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు అక్కడనే దొరికినవి. కృష్ణానది ఒడ్డున ముడుమాలలో మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్ళు సుమారు ఎనుబది ఉన్నవి; ఒక రాతిపై సప్తర్షి మండలమును పోలిన గుంటలు చెక్కబడినవి. 2025లో ఆ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది. 2016లో, ఆ పిదప 2019లో జరిగిన విభజనలలో ఫణిగిరి సూర్యాపేట జిల్లాకు, ముడుమాల నారాయణపేట జిల్లాకు పోయినవి గాని, దూరము పెరుగలేదు కదా!

ఆలస్యమైనచో ఏమి పోవునో కృష్ణా తీరమువారికి తెలియును. నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిగినవి. సాగరము నిండిన పిదప లోయ మునిగినది. ఎంపిక చేసిన కట్టడములను మాత్రము కొండపైకి, ఒడ్డునకు చేర్చిరి. శ్రీశైలము ప్రాజెక్టు ముంపు వలన కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు తరలినది. సోమశిల, జటప్రోలు ఆలయములు కూడ స్థలము మారినవి. రాళ్ళకు అంకెలు వేసి మరల పేర్చవచ్చును. ఊళ్ళను అట్లు పేర్చుట సాధ్యము కాలేదు. ముంపు గ్రామములనుండి వచ్చిన నాయనమ్మ ఎవరి ఇంటనైన ఉన్నచో, ఆమెను సోమశిల ఒడ్డునకు తీసికొనిపోయి, ఏ దిక్కున తన ఊరు ఉండెడిదో అడిగి, మనుమరాలు ఆ మాటలను ఫోనులో నమోదు చేయవలెను. ఏ పుస్తకములోను అది లేదు.

ఇక ఇబ్బందులు. ఆదివారమని ఇంట అందరికి విశ్రాంతి. తల్లికి మాత్రము తెల్లవారుజామున నాలుగింటికి లేచి బగారా అన్నము, రొట్టెలు, పిల్లల పాలు సిద్ధము చేయు పని. ఆమె అలసి చెట్టు క్రింద కూర్చుండగా మిగిలినవారు కోట ఎక్కి వచ్చుటను కుటుంబ యాత్ర అనలేము. వంట పంచుకొనవలెను, లేదా అటుకులతో, అరటిపండ్లతో సరిపెట్టుకొనవలెను. పెక్కు స్థలములలో మరుగుదొడ్డి లేదు, త్రాగునీరు లేదు. స్త్రీలు ప్రయాణమునకు వెనుదీయుటకు పెద్ద కారణము ఇదియే. పెద్దల సభలలో దీనిని ఎవరును పైకి అనరు. జలాశయముల వద్ద ఫోటోల మోజులో నీటిలోనికి దిగు యువకులను ఆపుటకు తండ్రి వెంట ఉండుట మేలు. శాసనపు రాతిపై తమ పేరును, వేరొకరి పేరును చెక్కు రసికులను ఆపుటకు ఎవరున్నను మేలే.

కమిటీని మేము అడుగునది పెద్ద మొత్తము కాదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతములలోని పది స్థలములను గురించి, ఒక్కొక్కదానికి ఒక పుట చొప్పున, ఉర్దూలోను తెలుగులోను చిన్న కరపత్రము అచ్చువేయించవలెను. బస్సు ఎక్కడ దొరకును, మెట్లు ఎన్ని, వృద్ధులు ఎంతవరకు పోగలరు, నీరు, మరుగుదొడ్డి ఉన్నవా లేవా అన్నది అందులో మొదట ఉండవలెను. రాజవంశముల సంగతి తరువాత. దానిని విద్యార్థినులే స్వయముగా పోయి చూచి వ్రాయుదురు. ఏడాదికి ఒకసారి ఆర్.టి.సి. బస్సు ఒకటి అద్దెకు తీసికొని, తల్లిదండ్రులతో వచ్చు విద్యార్థినులకు అందులో మొదటి స్థానమీయవలెను. ఉదయము బయలుదేరి చీకటిపడక ముందే తిరిగి చేరవలెను. తొలి యాత్రకు పానగల్లు చాలును. ఎండలు ముదిరిన పిదప మన గుట్టలపై రాయి కాలు పెట్టనీయదు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకే అనుకూల కాలము. కనుక ఈ విషయము దసరా సెలవులకు ముందు జరుగు కమిటీ సమావేశములోనే చర్చకు రావలసియున్నది.