కుందేళ్ల పెళ్లిచూపులకు తొందరొద్దు!

పాప ఏడో పుట్టినరోజుకి ఇంటికొచ్చింది తెల్ల కుందేలు. పేరు బన్నీ. ఆర్నెల్లు గడిచాయి. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి వెళ్లిపోతే పగలంతా అది బోనులో ఓ మూల ముడుచుకుని కూర్చుంటోంది. 'పాపం, ఒక్కత్తే అయిపోయింది. తోడుగా ఇంకోటి తెద్దాం నాన్నా' అంది పాప. మాట బాగానే ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి గోధుమరంగు కుందేల్ని తెచ్చారు. దానికి బ్రౌనీ అని పేరూ పెట్టేశారు. రాగానే బోను తలుపు తీసి లోపల వదిలారు.

అర నిమిషం నిశ్శబ్దం. ఆ తర్వాత బొచ్చు గాల్లోకి లేచింది! రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని బంతిలా గిరగిరా తిరిగాయి. విడదీయబోయిన నాన్న వేలు తెగింది. బ్రౌనీ చెవి చీలింది. పాప ఒకటే ఏడుపు.

రెండో కుందేల్ని తెచ్చిన చాలా ఇళ్లలో జరిగే కథే ఇది. తప్పు కుందేళ్లది కాదు. తోడు తేవాలన్న ఆలోచనదీ కాదు. తప్పల్లా తొందరదే.

సాధుజంతువే... కానీ!

పంచతంత్రం కథలో సింహాన్ని బావిలో దూకించిన తెలివి తప్ప కుందేలుకి మరో ఆయుధం ఉందని ఎవరూ అనుకోరు. నిజానికి దాని పళ్లు చాలా పదును, వెనక కాళ్ల గోళ్లు అంతకన్నా పదును.

మనం పెంచుకునే కుందేళ్లన్నీ ఐరోపా అడవి కుందేలు సంతతే. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాలు దాని పుట్టిల్లు. అది నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతుకుతుంది. అందుకే దానికి తోడు కావాలి. ఆ గుంపులో ఎవరు పెద్దో, ఎవరు చిన్నో లెక్క ఉంటుంది. పరాయి కుందేలు వస్తే తరిమికొడతాయి. గడ్డం కింద ఉండే గ్రంథిని రాళ్లకీ చెట్లకీ రుద్ది 'ఇది నాది' అని వాసనతో గుర్తుపెట్టుకుంటాయి. మీ సోఫా కాలికి మీ కుందేలు గడ్డం రుద్దుతోందంటే అర్థం అదే!

అన్నట్టు, మన పొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియ తవ్వదు, ఇంట్లో మచ్చిక కాదు. దాన్ని పట్టి తెచ్చి తోడుగా పెడదామనుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

అమ్మాయా... అబ్బాయా?

బ్రౌనీ చెవికి కుట్లు వేయించడానికి తీసుకెళ్తే డాక్టరు మరో సంగతి బయటపెట్టారు. 'రెండూ ఆడవే' అని అమ్మినవాళ్లు చెప్పారు. కానీ బ్రౌనీ మగది! చిన్న వయసులో ఆడా మగా తేడా కనిపెట్టడం అలవాటున్నవాళ్లకీ కష్టమే. అందుకే జత చేసేముందు పశువైద్యుడికి చూపించడం మొదటి పని.

ఎందుకంటే... కుందేలు నాలుగైదు నెలలకే ఈడుకొస్తుంది. సుమారు 31 రోజులకే ఈనుతుంది. ఈతకు నాలుగు నుంచి పన్నెండు పిల్లలు! ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు కూడా. పోనీ రెండు మగవాటిని పెడదామా అంటే, చిన్నప్పుడు ఒకే గిన్నెలో తిన్న అన్నదమ్ములైనా ఈడుకొచ్చాక ప్రాణాలమీదికి తెచ్చుకునేలా కొట్టుకుంటాయి. అక్కచెల్లెళ్లకీ ఆ పూచీ లేదు.

అందుకే ఆపరేషన్ చేయించిన ఆడ-మగ జంట అన్నిటికన్నా బాగా కుదురుతుందని పెంపకందారుల అనుభవం. ఆపరేషన్ వల్ల పిల్లల బెడద తప్పడమే కాదు, కోపమూ తగ్గుతుంది. వయసు పైబడిన ఆడ కుందేళ్లకు తరచూ వచ్చే గర్భసంచి కేన్సర్ భయమూ ఉండదు. అయితే కుందేలుకి మత్తుమందివ్వడం కుక్కకిచ్చినంత తేలిక కాదు. కుందేళ్లకు ఆపరేషన్ చేసిన అనుభవం ఉందా అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి. కుందేలుకి వాంతి కాదు కాబట్టి ముందురోజు నుంచి కడుపు మాడ్చాల్సిన పనిలేదు. మాడిస్తేనే ప్రమాదం. మగదానికి ఆపరేషనయ్యాక కూడా ఆరు వారాలదాకా పిల్లల్ని పుట్టించే శక్తి ఉండొచ్చు. అప్పటిదాకా రెంటినీ కలపకూడదు.

ముందు వాసన... తర్వాతే చూపులు

కొత్తగా తెచ్చినదాన్ని మొదటి రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. జబ్బులేమైనా ఉంటే అప్పటికి బయటపడతాయి. ఆ తర్వాత రెండు బోన్లనూ ఒకే గదిలో పెట్టండి. మధ్యలో జానెడు ఖాళీ వదలండి. ఊచల్లోంచి కూడా ముక్కు కొరికేయగలవు మరి!

రోజూ ఒకదాని బోనులోని గుడ్డ రెండోదాని బోనులో వేయండి. కొన్నాళ్లకి బోన్లే మార్చేయండి. మేత రెండు బోన్ల మధ్య ఊచల దగ్గరే పెడితే పక్కపక్కనే తినడం అలవాటవుతుంది. 'అది పక్కనుంటే కొత్తిమీర దొరుకుతుంది' అని కుందేలుకి అర్థం కావడమే సగం విజయం. రెండూ ఊచలకు ఆనుకుని నిశ్చింతగా పడుకుంటున్నాయంటే తర్వాతి మెట్టెక్కొచ్చు.

ఎవరి ఇల్లూ కాని చోట...

అసలు పెళ్లిచూపులు ఇప్పుడు. రెండూ ఎప్పుడూ తిరగని చోటు చూడండి. బాల్కనీ, స్నానాల గది, మేడమీది ఖాళీ గది... ఏదైనా సరే. నున్నటి గచ్చు మీద కాళ్లు జారితే బెదురుతాయి కాబట్టి చాప పరచాలి. రెండు నీళ్ల గిన్నెలు, రెండు గడ్డి కుప్పలు, రెండు వైపులా దారి ఉన్న అట్టపెట్టె ఉంచండి. ఒకే దారి ఉంటే లోపల దూరింది ఇరుక్కుపోతుంది.

మొదటిరోజు పది నిమిషాలు చాలు. తరమడం, పైకెక్కడం, కాస్త బొచ్చు పీకడం మామూలే. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయంతే. ఆడది మగదాని మీద కెక్కినా కంగారు పడొద్దు. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం దించేయాలి. కిందున్నది కొరకరానిచోట కొరికేస్తుంది. చెవులు వెనక్కి వాల్చి, తోక నిక్కించి, గుర్రుమంటే గొడవ వచ్చేలా ఉందన్నమాట. వెంటనే మధ్యలో అట్టముక్క అడ్డుపెట్టండి. గిరగిరా తిరుగుతూ కరుచుకుంటుంటే మందపాటి తువ్వాలు వేసి విడదీయండి. ఒట్టి చేతులు పెట్టొద్దు.

ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆట ముగించాలి. రేపు మరో ఐదు నిమిషాలు, ఎల్లుండి ఇంకొంచెం... ఇలా పెంచుకుంటూ పోవాలి. కొన్ని జంటలు వారంలో కుదురుతాయి. కొన్నింటికి నెలలు పడుతుంది. మన ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ పనికి అసలే పనికిరావు. 30 డిగ్రీలు దాటిన వేడికే కుందేలు అల్లాడిపోతుంది.

జంట కుదిరాక విడదీయొద్దు

ఒకటి తల వంచితే రెండోది నుదురు నాకడం, ఒళ్లు ఆనించి పడుకోవడం... ఇవీ స్నేహం కుదిరిందనడానికి గుర్తులు. అలా పగలూ రాత్రీ రెండ్రోజులు గొడవల్లేకుండా గడిస్తే ఇక ఒకేచోట ఉంచొచ్చు. పాత బోను కడిగి, సర్దుడు మార్చి మరీ వదలండి. జంటకి కనీసం పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు చోటుండాలన్నది బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ సూచన. అంత బోను ఎవరికి కుదురుతుంది అంటారా? ఓ గదిలో మూలకి చిన్న కంచె కట్టినా సరిపోతుంది.

ఒకదానికి జబ్బు చేస్తే రెంటినీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్కటే వెళ్లి మందుల వాసనతో తిరిగొస్తే రెండోది పరాయిదనుకుని మీదపడొచ్చు. జంటలో ఒకటి చనిపోతే, అంటురోగం కాకపోతే, కాసేపు రెండోదాన్ని దాని దగ్గరే ఉండనివ్వాలి. దిగులుతో తిండి మానేస్తుందేమో కనిపెట్టాలి. కుందేలు అరపూట మేత ముట్టలేదంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే.

ఎన్ని చేసినా కుదరని జంటలూ ఉంటాయి. ఆపరేషన్‌కి వీలుపడని ఇళ్లూ ఉంటాయి. అప్పుడు పక్కపక్క బోన్లలో విడిగా ఉంచడమే మేలు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు 'అవే సర్దుకుంటాయిలే' అని మొండికేస్తే దెబ్బలు తినేది మనం కాదు, అవి.

బన్నీ, బ్రౌనీల సంగతేమైందంటారా? పాప గోడ మీది కేలండర్లో రోజులు కొట్టేస్తూ కూర్చుంది. ఆపరేషన్లయ్యాయి, బోన్లు మారాయి, బాల్కనీలో చాప పరిచారు. మూడో నెల ఓ సాయంత్రం, బన్నీ నెమ్మదిగా దగ్గరికెళ్లి తల వంచింది. కుట్టు మచ్చ ఉన్న చెవిని ఓసారి విదిల్చి, బ్రౌనీ దాని నుదురు నాకింది.

ఆ రోజు మాత్రం కేలండర్లో పాప అంకె కొట్టేయలేదు. చుట్టూ పువ్వు గీసింది.